ముక్కుకు అందనిది

పెరట్లో బట్టలారేస్తున్న అత్తగారు చేతిలో తడి తువ్వాలు అలాగే పట్టుకుని, తల కూడా తిప్పకుండా, "అమ్మాయీ, పాలు" అంది. వంటింట్లో ఉన్న కోడలు గబుక్కున స్టవ్ కట్టేసి గిన్నెలోకి చూసింది. పాలు అప్పుడే అంచు దాకా లేచి నిలబడి ఉన్నాయి. పొంగలేదు, మాడలేదు. పొంగబోయే పాలకి ఒక వాసన ఉంటుందని అత్తగారి వాదం. ఆ వాసన ఈ భూమ్మీద ఆవిడకి తప్ప ఇంకెవరికీ తగిలిన దాఖలా లేదు.

ఆ వీధిలో ఆవిడని ముక్కుపెద్దమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. పక్కింటివాళ్ల గ్యాస్ పైపుకి చిల్లు పడితే గోడకి ఇవతల నుంచే పట్టేసింది. మానేశానని ఒట్టేసిన ఎదురింటాయన మళ్లీ సిగరెట్లు మొదలెట్టాడని ఆయన భార్య కంటే ముందు ఈవిడకే తెలిసింది, కాకపోతే పోనీలే పాపమని ఊరుకుంది. ఎన్నడో కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు, గోడలో కరెంటు తీగ కాలుతున్న వాసనకి లేచి ఇంటిల్లిపాదినీ వీధిలోకి నడిపించింది కూడా ఆ ముక్కే. అందుకే ఆ ఇంట్లో ఎవరూ దేనికీ భయపడి ఎరగరు. అమ్మ ఉంది, అమ్మ ముక్కు ఉంది, ఇంకేం కావాలి.

అలాంటి ఇంట్లో ఆ పొద్దున కోడలు స్టూలెక్కి, వెనకవైపు కుట్టుగది గోడకి అరచేతిలో ఇమిడే తెల్ల డబ్బా ఒకటి బిగించింది. తువ్వాలు ఆరేసి వచ్చిన అత్తగారు నడుం మీద చేతులేసుకుని అదేమిటని అడిగింది.

"గాలిలో విషవాయువు చేరితే కూత పెడుతుంది అత్తయ్యా. కార్బన్ మోనాక్సైడ్ అంటారు. మా షెడ్డులో పొద్దున్నే కార్ల ఇంజన్లు వేసి ఉంచుతాం కదా, అక్కడ ఒకటి పెట్టారు. చూడగానే మామయ్య కుంపటి గుర్తొచ్చింది."

"నేనుండగానా?" అంది అత్తగారు.

పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా, అత్తగారితో వాదం పెట్టుకునే ఉద్దేశం లేదు. మీరు పడుకున్నా అది మేలుకునే ఉంటుందని ఏదో సర్దిచెప్పి, కోడలు పనికి వెళ్లిపోయింది.

ఆ కోడలి సంగతి చెప్పాలి. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకోవడం రానివాళ్లు తన ప్రాణాన్ని లారీల మధ్యకి తీసుకుపోతుంటే, "ఏం ఫర్వాలేదు, మెల్లగా కాలు తియ్యండి" అని చెప్పగలిగే మనిషి. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. మొగుడు కూడా. ఆ నెమ్మది చూసే అత్తగారు ఏరికోరి కోడలిగా తెచ్చుకుంది. ఇప్పుడు ఆ నెమ్మదే పుల్లలా గుచ్చుకుంది. అరిచి ఉంటే తానూ నాలుగు అని ఉండేది కదా.

ఇక మాస్టారు. అత్తగారి భర్త, దర్జీ. ఊళ్లో కోటు అంటే ఆయనే. చొక్కాలకి కరెంటు ఇస్త్రీపెట్టె వాడతారు గానీ, కోటు దగ్గరికొచ్చేసరికి బొగ్గుల పెట్టే పడాలి, ఆ బరువు వేరు, ఆ వేడి వేరు అని ఆయన సిద్ధాంతం. పొద్దెక్కాక రాజేస్తే సాయంత్రం దాకా పక్కనే కుంపట్లో నిప్పులు సిద్ధంగా ఉండాలి. చలికాలం వేళ్లు కాచుకోవడానికీ అదే. బొగ్గు మాత్రం భార్య ఏరి పెట్టాల్సిందే. ఆవిడ ఒక్కొక్క ముక్కా వాసన చూసి, చెమ్మ తగిలినది అవతల పారేసి, పొగ అన్నది రాకుండా ఎర్రగా రగిలే బొగ్గునే లోపలికి పంపుతుంది. తన బొగ్గుతో ఒక్క కోటుకి కూడా పొగ వాసన పట్టలేదని ఆవిడ గొప్ప. నిజమే మరి, పట్టలేదు.

ఆ ఏడు చలి ముదిరింది. కుట్టుగది కిటికీల సందుల్లోంచి ఈదురుగాలి వచ్చి సుద్దపొడి రేపుతోంది, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇంకొకరైతే కాగితాలు కుక్కి ఊరుకునేవారు. సందు కనబడితే కుట్టెయ్యకుండా ఉండలేని మనిషి ఈయన. మిగిలిన ఉన్నిముక్కలు పొరలు పొరలుగా పేర్చి, జంటకుట్టు వేసి, రెండు కిటికీలకీ తలుపుకీ కొలిచినట్టు పట్టీలు కుట్టారు. తలుపు మీద గాలికోసం వదిలిన కంతకి కూడా, దాని పాపం ఏమిటో గానీ, చిన్న దిండు కుట్టి బిగించారు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. చీమ లోపలికి రావాలన్నా నన్నడగాలి అని మాస్టారు మురిసిపోయారు.

ఆ చలికాలమే ఆయన చెయ్యి తప్పడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. భోజనమై కాసేపు కూర్చున్నాక తలనొప్పి, కడుపులో తిప్పు, సూది బెజ్జం రెండై కనబడడం. ఒక కోటు కాలరు ఈ రెక్క ఆ రెక్క కంటే కిందికి దిగింది. తన జన్మలో అలాంటి కాలరు ఆయన చేతినుంచి రాలేదు. విప్పి మళ్లీ కుట్టారు, మళ్లీ దిగింది. వయసు మీద పడితే ఇంతే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. భార్య మాత్రం ఏమీ అనకుండా, ఆయన చూడకుండా సూదులన్నిటికీ దారాలెక్కించి సూదులదిండుకి గుచ్చి పెట్టేది. ఆయనా చూడనట్టే ఉండేవారు.

కిందటి వారం ఒకరోజు కాఫీ గ్లాసులోకి చూస్తూ అన్నారు. "ఒప్పుకున్న పెళ్లిబ్యాండువాళ్ల కోట్లు అయిపోయాక కత్తెర ఎత్తి పెట్టేస్తానే. చెయ్యి చెప్పిన మాట వినడం లేదు."

అలాగేలెండి అని, పెరట్లోకి వెళ్లి, నీళ్లు తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది ఆవిడ. కత్తెర పట్టని మాస్టారు ఎలా ఉంటారో ఆవిడ ఊహకందలేదు. కత్తెరతో పాటే మనిషీ గోడకి చేరతాడని, ఆ తర్వాత ఎన్నాళ్లో ఉండడని ఆవిడ భయం. ఆ భయం పైకి చెప్పుకోవడానికి కూడా భయమే.

డబ్బా పెట్టిన రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక అది ఉన్నట్టుండి గొల్లున మొదలెట్టింది. అత్తగారు కుట్టుగది తలుపు తీసుకుని లోపలికెళ్లి నాలుగు మూలలా ముక్కు ఎగబీల్చింది. ఉన్ని వాసన. సుద్ద వాసన. మిషను నూనె. మొగుడి తలకి రాసుకున్న అమృతాంజనం. ఇంకేమీ లేదు. మాస్టారు కణతలు నొక్కుకుంటూ, ఆ పీడని ముందు బయట పడెయ్యవే, నా తల పగిలిపోతోందని మొత్తుకున్నారు. ఆవిడ దాన్ని మేకునించి ఊడబీకి వీధి వరండాలో తగిలించింది. కాసేపటికి అది నోరు మూసుకుంది.

ఇద్దరూ ఎంత నవ్వుకున్నారో. గాలి మార్పు కావాలి కాబోలు దానికి, మన కోడలు సుకుమారమైనదాన్నే తెచ్చిందని మాస్టారు అన్నారు. గాలి తగిలి కుదుటపడిందిలే అని ఆవిడా వంతపాడింది. నవ్వడం అయ్యాక మాస్టారు లోపలికెళ్లి, గాలి రాకుండా తలుపు బిగించుకున్నారు.

సాయంత్రం కోడలు గేటు తీసుకుని వచ్చేసరికి వరండా గోడ మీద డబ్బా పలకరించింది. ఎందుకక్కడ ఉందని అడిగింది. అత్తగారు జరిగింది జరిగినట్టు, కాస్త విజయగర్వంతో కూడా, చెప్పింది. వింటున్న కోడలి మొహంలో రంగు పోయింది. భుజాన సంచి అక్కడే వదిలేసి ఇంటి వెనకవైపుకి పరిగెత్తి, కుట్టుగది తలుపు బార్లా తీసి, రెండు కిటికీల పట్టీలూ చరచరా పీకేసింది. కుట్లు పటపటా తెగాయి. ఆ చప్పుడికి మాస్టారు, సొంత చొక్కా చింపినట్టు, కెవ్వుమన్నారు.

"ఏం పనమ్మా ఇది?"

"ముందు బయటికి రండి మామయ్యా. తర్వాత ఎన్నైనా తిట్టండి."

అప్పటికి ప్రెస్సు నుంచి కొడుకూ వచ్చాడు. చేతులకి సిరాతో గుమ్మంలో నిలబడి, తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. అత్తగారి కోపం అప్పుడు కట్ట తెగింది. ఇన్నేళ్లు ఈ కొంపని కాపాడింది ఎవరని అడిగింది. ఆ గదిలో తాను స్వయంగా వాసన చూశానని, ఏమీ లేదని, ఒక ప్లాస్టిక్ ముక్క కూసిందని తన మాట కాదంటే ఈ ఇంట్లో ఇక తనకున్న విలువేమిటని అడిగింది.

"నా ముక్కు అబద్ధం చెబుతోందంటావా?"

"లేదత్తయ్యా. మీ ముక్కుకి సాటి లేదు. కానీ దానికి వాసనే లేదు. రంగు లేదు, పొగ లేదు. పొగ రాకుండా ఎర్రగా రగిలే నిప్పుల్లోంచి కూడా వస్తుంది."

పొగ రాకుండా ఎర్రగా రగిలే నిప్పులు. ఆ మాటలు ఎక్కడ తగలాలో అక్కడే తగిలాయి. ఆ తగలడం ఒప్పుకోలేక అత్తగారు ఇంకా గట్టిగా అరిచింది. ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అంది. రెండూ ఉంచుకోవచ్చు కదా అని కొడుకు నసిగాడు. ఆడవాళ్లిద్దరూ ఒకేసారి తిరిగి చూసేసరికి గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కేశాడు.

కోడలు ఇంకా గొంతు పెంచలేదు. "అత్తయ్యా, నా కారులో నా కాలి దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నడిపేవాళ్లు చేతకానివాళ్లని కాదు అది పెట్టింది. వాళ్ల కంటికి ఆననిది ఏదైనా వస్తే ఉండాలని. ఎంత బాగా నడిపేవాళ్లయినా దాన్ని చూసి చిన్నబుచ్చుకోరు."

ఈ గొడవ జరుగుతుండగా మాస్టారు, ఎవరూ ఆపేలోపే, కిందపడిన పట్టీ తీయబోయి వంగారు. వంగినవారు లేవలేదు. మెల్లగా, బట్ట జారినట్టు, మోకాళ్ల మీదికి, ఆ తర్వాత పక్కకి ఒరిగిపోయారు. మొదట కదిలింది కోడలే. మొగుడి చేత భుజాలు పట్టించి, తను కాళ్లు పట్టుకుని, ఆయన్ని పెరట్లో చల్లగాలికి తెచ్చి పడుకోబెట్టింది. గిన్నె బోర్లించి కుంపటి ఆర్పుదామని లోపలికి పోబోయిన అత్తగారిని చెయ్యి పట్టి ఆపేసింది. ఆ నిప్పులు ఎక్కడికీ పోవు, మనం ముందు ఆసుపత్రికి పోదాం అంది. అదే గొంతు. లారీల మధ్య వాడే గొంతు.

ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. విషవాయువు రక్తంలో కలిసింది నిజమే. మొహానికి తొడుగు పెట్టి ప్రాణవాయువు పట్టారు. ఇలాంటివాటికి వాసన ఉండదు కాబట్టే ఇంటిల్లిపాదీ పడుకున్న చోటే పోతుంటారని, ఆ తలుపు తీయకపోతే మీ ఇంట్లోనూ రేపు అదే మాట వినేవాళ్లమని డాక్టరమ్మ చెప్పింది. తెల్ల డబ్బాని వరండాలో తగిలించిన సంగతి విని ఆవిడ తల పట్టుకుంది. నవ్వొచ్చినా నవ్వలేదు, అది ఆవిడ మంచితనం.

అత్తగారు మొగుడి మంచం పక్కన కూర్చుని, ఆయన అరచెయ్యి తన ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉన్ని, సుద్ద, మిషను నూనె. మధ్యాహ్నం వచ్చిన వాసనలే. ఏమీ తేడా లేదు. తన చేత్తో ఏరి, తన చేత్తో రాజేసి, ఇంత మంచి బొగ్గు ఎవరు తెస్తారండీ అని మురిసిపోతూ తాను లోపలికి పంపినదాన్నే ఆయన ఇన్నాళ్లూ పీల్చారు. ఆవిడ ఏడుపు బయటికి రాలేదు. కోడలు పక్కన కూర్చుని ఆవిడ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. నేను చెప్పలేదా అనగల హక్కు చేతిలో ఉండి కూడా అననివాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

మాస్టారు ఇంటికొచ్చారు. కుంపటి పెరట్లోకి పోయి పూలకుండీ అయింది, తెల్ల డబ్బా మళ్లీ కుట్టుగది గోడెక్కింది. మిగిలిన పట్టీలన్నీ మాస్టారే కూర్చుని ఊడదీశారు, పీకేస్తే కుట్టుకి అవమానమని ఒక్కొక్క దారం కత్తిరించి మరీ. పట్టీలు బాగున్నాయి, మాకూ కుట్టివ్వమని అడిగిన వీధివాళ్లకి విషయం చెప్పి రావడానికి అత్తగారే బయల్దేరింది. నా ముక్కుకే అందలేదమ్మా, మీ ముక్కులెంత అని ఇంటింటా చెప్పింది. తన ఓటమిని తానే టముకు వేసుకుంటూ తిరిగిన మనిషిని చూసి ఎదురింటావిడ ఆ రోజే డబ్బా తెప్పించుకుంది. సరదాపడి మాస్టారు ఇంట్లో డబ్బాకి మఖ్మలు గలీబు కుడతానంటే, దాని నోరు మూయకండి మామయ్యా అని కోడలు దణ్ణం పెట్టింది.

అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. మాస్టారు మిషను దగ్గర కూర్చోవడం లేదు. బ్యాండువాళ్ల కోట్లు ఇంకో దర్జీకి అప్పగిస్తానంటున్నారు. విషం సంగతి వేరు, వయసు సంగతి వేరు, చెయ్యి పోయింది అంతే అని తేల్చేశారు. కొడుకు చెప్పి చూశాడు. కోడలు చెప్పి చూసింది. డాక్టరమ్మ మెల్లగా సర్దుకుంటుందన్నది కూడా ఆయన వినలేదు. కత్తెరని మెత్తటి గుడ్డలో చుట్టి అలమారులో పెట్టేశారు.

అత్తగారు మాత్రం ఏమీ చెప్పలేదు. చాలా రోజులుగా ఆవిడ మనసులో ఒకటి కుడుతోంది, విప్పుతోంది. ముక్కు మోసపోయింది, సరే. కళ్లున్నాయి కదా. ఆ కాలర్లు ఆవిడ చూసింది. పొద్దున వేసిన కుట్టు గీత గీసినట్టు ఉండేది. మధ్యాహ్నం వేసినదే వంకర. సెలవు రోజు టీ కొట్టు దాకా నడిచివస్తే ఆ సాయంత్రమంతా తలనొప్పి ఉండేది కాదు. వయసైతే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉంటుందా. ముసలితనానికి భోజనవేళలుంటాయా.

ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆవిడ కుట్టుగది కిటికీలు రెండూ తీసింది. చలిగాలి దూసుకొచ్చింది. మాస్టారి భుజాల మీద శాలువా కప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. గోడమీద తెల్ల డబ్బా కింద. సూదులదిండులోని సూదులన్నిటి దారాలూ లాగేసి, అన్నిటికంటే సన్నటి సూది తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఎక్కించండి."

"నా వల్ల కాదే. తెలిసీ ఎందుకు?"

"ఇన్నాళ్లు మీకు తెలియకుండా నేను ఎక్కించాను. ఇవాళ నాకోసం మీరు ఎక్కించండి."

"నువ్వు ఎక్కించడం నాకు తెలుసులే" అన్నారాయన. దారం కొస నాలుక మీద తడిపి, వేళ్ల మధ్య నలిపి, కిటికీ వెలుగుకి ఎదురుగా సూది ఎత్తారు. బెజ్జం ఒక్కటే కనబడింది. దారం అందులోంచి, పిలిస్తే వచ్చినట్టు, అవతలికి వచ్చేసింది.

ఆయన నమ్మలేదు. లాగేసి మళ్లీ ఎక్కించారు. ఇంకోసారి ఎక్కించారు. తర్వాత బ్యాండువాళ్ల కోటు ఒకటి ఒళ్లో పరుచుకుని, వంకరపోయిన కాలరు కుట్టు విప్పడం మొదలెట్టారు. కళ్లు మసకబారితే అది విషంవల్ల కాదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ అలమారులోంచి కత్తెర తెచ్చి, చుట్టిన గుడ్డ విప్పి, ఆయన కుడిచేతివైపు పెట్టింది.

సాయంత్రం కోడలు గేటు తీసుకుని వస్తుంటే అత్తగారు వీధి గుమ్మంలో ఎదురుచూస్తోంది. ఎప్పుడూ లేనిది ఆవిడ అలా నిలబడితే కోడలి గుండె జారింది. మామయ్యకి ఏమైందని అడగబోయింది. ఇంట్లోంచి మిషను చప్పుడు వినబడుతోంది, ఆగకుండా, ఒకే జోరుగా.

"మామయ్య మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కించారమ్మా" అంది అత్తగారు. "మొదటిసారికే."

కోడలు నవ్వబోయింది. ఆ రోజునించీ ఆసుపత్రిలో, ఇంట్లో, ఎక్కడా తడవని కళ్లు ఇప్పుడు నిండిపోయాయి. అక్కడే గుమ్మం మెట్టు మీద కూలబడి, సంచి ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఇంకో గంట ఆలస్యంగా వచ్చుంటేనో అత్తయ్యా అని అదొక్కటే అంటోంది. ఇన్నాళ్లూ దాచుకున్న భయం అదన్నమాట.

అత్తగారు పక్కన కూర్చుని ఆ తల తన భుజానికి ఆనించుకుంది. ఆ జుట్టులో పెట్రోలు వాసన, రోడ్డు దుమ్ము, పొద్దున రాసుకున్న కొబ్బరినూనె. రోజంతా ఊరిమీద ఎవరెవరినో కాపాడి వచ్చిన వాసన అది.

"ఏడువు, ఫర్వాలేదు. ఇవాళ బ్రేకు నా కాలికింద ఉంది" అంది ఆవిడ. ఆ తర్వాత ముక్కు ఒకసారి ఎగబీల్చి, లోపల ఉన్న కొడుకుని కేకేసి పాలు దించమంది.